ముత్తుతురై పాదరసం

చెంగల్రాయలు అద్దాన్ని రెండు చేతులూ కలిపి తుడుస్తున్నాడు. ఒక చెయ్యి ఒంటరిగా నిలవదు. మనిషిన్నర ఎత్తున్న గాజుగూడు అది, మూడొందల పైచిలుకు పలకలు. ఒక్కోదాన్నీ పైనుంచి కిందికే తుడవాలి. పొద్దున్నే గుడియాత్తంలో బస్సెక్కి వేలూరు వచ్చి, ఒక ట్రస్టువాళ్ల సైన్సు ప్రదర్శనశాలలో రెండేళ్లుగా ఆయన చేసే పని ఇదే. అంతకుముందు ముప్పయ్యొక్కేళ్లు ఇదే అద్దాన్ని సముద్రం ఒడ్డున, ముత్తుతురై లైట్‌హౌస్ పైన దీపం చుట్టూ ఉన్నప్పుడు తుడిచాడు. అక్కడ కొత్త దీపం పెట్టి దీన్ని దింపేస్తే ట్రస్టువాళ్లు తెచ్చుకున్నారు. దాని వెనకాలే ఆయన్నీ పిలిపించుకున్నారు.

ఈరోజు అద్దం గదికి ప్రారంభోత్సవం. గోడకి తమిళంలో, ఇంగ్లీషులో కొత్త బోర్డు బిగించారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా చెంగల్రాయలుకి చదవడం వచ్చింది తమిళమే. గుడ్డ భుజాన వేసుకుని చదివాడు. కట్టింది 1871లో. నూట యాభైరెండు మెట్లు. వెలుగు ఇరవై మైళ్ల దాకా కనపడేది. కట్టించిన దొర పేరుంది, అద్దం చేసిన పారిస్ కంపెనీ పేరుంది. రెండు టన్నుల అద్దం పాదరసం మీద తేలేది కాబట్టి ఒంటివేలితో తిప్పేవారట.

ఒంటివేలితో. చెంగల్రాయలుకి ఒళ్లు మండింది.

ఏడాదికోసారి ఆ పాదరసం తోడి, మేకతోలులో పోసి, పిండి వడగట్టాలి. పేర్ణాంబట్టులో తోలు కొనుక్కెళ్లేది తను. పిండేది తోటిపనివాడు పాల్‌రాజ్. చేతికి తొడుగు లేదు, ముక్కుకి గుడ్డ లేదు, అది విషమని చెప్పిన నాథుడూ లేడు. మొదట పాల్‌రాజ్ పళ్లు ఊడాయి. తర్వాత మాట ముద్దయింది. ఆఖరికి పెళ్లాం అన్నం తినిపించాల్సి వచ్చింది. అతను పోతే ఆఫీసు కాగితంలో తాగుడని రాసి చేతులు దులుపుకున్నారు. జన్మలో చుక్క ముట్టనివాడు. ఆ తర్వాత పిండింది చెంగల్రాయలు. అద్దాన్ని వేలూరు తెచ్చేటప్పుడు మాత్రం, పాదరసం ప్రమాదమని తీసేసి కింద బేరింగులు వేశారు.

బోర్డు కోసమని మేనేజరు దినకర్ అడిగితే, మూడు రోజులు కూర్చుని లైట్‌హౌస్ సంగతులన్నీ చెప్పాడు. తను కోరింది ఒక్కటే. పాల్‌రాజ్ పేరు వెయ్యాలి, దేనివల్ల పోయాడో రాయాలి.

దినకర్ పూలదండల బుట్టతో వచ్చాడు.

"పాల్‌రాజ్ పేరు యాడుండాదప్పా?"

"బోర్డులో ఇడం చాల్లేదు పెద్దాయనా."

"దొర పేరుకి చాలినాది గదా."

దినకర్ గొంతు తగ్గించాడు. "రికార్డులో తాగుడని ఉండాది. దాన్ని కాదని మనం ఎట్లా రాసేది? పాదరసం విషమని రాస్తే బడిపిల్లోళ్లని ఈడికి పంపిస్తారా? ఇంగ విడు నాయనా."

"మూడునాళ్లు తల ఊపుకుంటా రాసుకుంటివే. అప్పుడే చెప్పుండొచ్చు గదా."

వాకిట్లో కారు ఆగింది. దినకర్ బుట్టతో అటు పరుగెత్తాడు.

ముఖ్య అతిథి అద్దం చుట్టూ తిరిగి మెచ్చుకున్నాడు. ఒంటివేలితో తిప్పి చూపించమని దినకర్ సైగ చేశాడు. చెంగల్రాయలు చెయ్యెత్తాడు. ఇత్తడి చట్రం ముందు వేలు వణికిపోతోంది. అతిథి పక్కకు వంగి, పొద్దున్నే మందు వేసుకొచ్చాడా అని తమిళంలో అడిగి నవ్వాడు. వెంటవచ్చిన వాళ్లు నవ్వారు. సంగతంతా తెలిసిన దినకర్ కూడా నవ్వాడు.

"తాగి కాదు సారూ, పాదరసం వల్ల," అన్నాడు చెంగల్రాయలు తమిళంలోనే. అప్పటికే వాళ్లు కాఫీల వైపు నడుస్తున్నారు.

పాల్‌రాజ్‌ని చంపింది చాలక తాగుబోతుని చేశారు. ఇప్పుడు నవ్వుకుంటూ తననీ చేశారు. అతిథుల సంతకాల కోసం బల్ల మీద లావుపాటి నల్ల మార్కర్ పెట్టి ఉంది. చెంగల్రాయలు అది తీసుకుని బోర్డు దగ్గరికి వెళ్లాడు. రాయడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ అటు చూడలేదు.

మార్కర్‌ని బల్లమీద పెట్టి, కాఫీ కప్పుతో ఉన్న దినకర్ దగ్గరికి వచ్చాడు.

"రేపట్నుంచి నేను రాను," అన్నాడు.

జవాబు కోసం ఆగకుండా రోడ్డు మీదికి వచ్చి గుడియాత్తం బస్సెక్కాడు. మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

ప్రారంభోత్సవం రోజు సాయంత్రమే ఇద్దరు మనుషులు తడిగుడ్డతో ఎంత రుద్దినా సిరా వదల్లేదు. దొర పేరు మీదుగా, పారిస్ కంపెనీ పేరు మీదుగా, పైకీ కిందికీ ఊగిపోయిన తమిళ అక్షరాలతో బోర్డు గోడకి అలాగే ఉంది: పాల్‌రాజ్, తాగి కాదు.