నాబ్ మీద ముప్పై నాలుగు

పాత బేస్‌బాల్ బ్యాట్ల విషయంలో నేను ఎవరికీ మొహమాటపడను. మా కమ్మింగ్ ఊళ్లోనే కాదు, అట్లాంటా చుట్టుపక్కల మనవాళ్లెవరు పాత బ్యాట్ కొన్నా నా దగ్గరికే తెస్తారు. ఆటగాడు మైదానంలో వాడిందా, కొట్టులో పిల్లలకోసం అమ్మిందా అన్నది రెండు నిమిషాల్లో తేల్చేస్తాను. తేల్చాక కొందరు నాతో మాట్లాడటం మానేశారు, అది వాళ్ల ఖర్మ. ఒక్కసారి మాత్రం మొహమాటపడ్డాను. మాకు తెలిసిన కుర్రాడు నిశాంత్ గృహప్రవేశం రోజున.

పాలు పొంగి అప్పటికి అరగంట కూడా కాలేదు. నిశాంత్ గోడ మీంచి బ్యాట్ తీసి నా చేతిలో పెట్టాడు. "నైన్‌టీన్ ఫిఫ్టీస్‌ది అంకుల్, గేమ్‌లో వాడింది. మీరొక ముక్క రాసిస్తే ఫ్రేమ్ కట్టించుకుంటా," అన్నాడు. ఒళ్లంతా నున్నగా ఉంది, ఒక్క నొక్కు లేదు. పిడి చివర గుండ్రంగా ఉండే నాబ్ మీద 34 అని అచ్చు గుద్ది ఉంది. అది బ్యాట్ పొడవు. ఆ అంకె అక్కడ కనిపించిందంటే కొట్టు సరుకేనని నాకు తెలుసు. కానీ శుభమా అని ఇంట్లో అడుగుపెట్టిన రోజున, నలుగురి ముందు ఆ మాట ఎందుకులే అనిపించింది. 'ఆటలో వాడిన బ్యాటే' అని రాసి సంతకం పెట్టి, పులిహోర తిని వచ్చేశాను.

ఇది జరిగిన రెండేళ్లకు, మొన్న శనివారం మధ్యాహ్నం నిశాంత్ భార్య నమ్రత ఒక్కతే మా ఇంటికి వచ్చింది. యోగా మ్యాట్ సంచీలో ఆ బ్యాట్, చంకలో నా ఉత్తరం ఉన్న ఫ్రేమ్. ఎప్పుడూ గలగలా మాట్లాడే పిల్ల, చెప్పులు విప్పి గుమ్మంలోనే నిలబడిపోయింది. మా ఆవిడ రేణు చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది.

"అంకుల్, దీన్ని మళ్లీ చూడండి. ఈసారి కరెక్ట్‌గా చెప్పండి," అంది.

నాకు చురుక్కుమంది. కళ్లజోడు పెట్టుకుని కిటికీ దగ్గర తిప్పి తిప్పి చూశాను. ఆడేవాడు కంపెనీ ముద్ర ఉన్న లేబుల్ పైకి ఉండేలా బ్యాట్ పట్టుకుంటాడు, కాబట్టి బంతి దెబ్బలు పక్కభాగం మీద పడతాయి. గుండ్రంగా, పెద్ద లోతు లేకుండా, ఒక్కోచోట బంతి కుట్లతో సహా. ఏళ్లు గడిచేకొద్దీ అవి చెక్క రంగులో కలిసిపోతాయి. దీని పక్కభాగం మీద ఏమీ లేదు. లేబుల్ మీద రెండు, మొన దగ్గర రెండు నొక్కులున్నాయి. నాలుగింటికీ తిన్నని అంచు. లోపల చెక్క ఇంకా తెల్లగానే ఉంది. ఒకదాంట్లో తెల్ల పెయింటు పెచ్చు ఇరుక్కుని ఉంది.

"ఇది బంతి దెబ్బ కాదమ్మా," అన్నాను, నా తెలివికి నేనే మురిసిపోతూ. "తలుపు. ఎవడో వెధవ తలుపు మీద..."

"బాత్రూమ్ డోర్ అంకుల్. నేను లోపలున్నా."

బ్యాట్‌ని టేబుల్ మీద పెట్టేశాను. ఇక దాన్ని పట్టుకోబుద్ధి కాలేదు.

"ఆ డోర్ మర్నాడే మార్పించేశాడు," అంది నమ్రత. "పోలీసులకి కంప్లెయింట్ చేస్తే, ఆ డెంట్స్ ఎప్పుడో ఆటలో పడ్డవే, ఎక్స్‌పర్ట్ లెటర్ కూడా ఉంది అంటాడట. నాతోనే చెప్పాడు, నవ్వుతూ. మండే లాయర్‌ని కలుస్తున్నా. మీరు నిజం రాసిస్తారా?"

నాకు తల కొట్టేసినట్టయింది. మర్యాదకు రాసిన మూడు ముక్కలు ఈ పిల్ల ప్రాణం మీదికి వచ్చాయి. అయినా సిగ్గు విడిచి చెబుతున్నాను, ముందు నాకు నా పరువే గుర్తొచ్చింది. అబద్ధం రాశానని నేనే కాగితం మీద పెడితే రేపట్నుంచి నా మాటకు విలువేముంటుంది?

"నిశాంత్‌తో నేనొకసారి మాట్లాడి చూడనా?" అన్నాను.

రేణు చూసిన చూపు ముప్పై ఏళ్ల కాపురంలో నేనెప్పుడూ ఎరగను. "పెన్ను తీసుకోండి," అంది.

అంతలో నా ఫోన్ మోగింది. నిశాంత్. స్పీకర్‌లో పెట్టాను.

"అంకుల్, బాగున్నారా? గోడ మీద బ్యాట్ కనిపించట్లేదు. నమ్రత కార్ లొకేషన్ మీ ఇంటి దగ్గర చూపిస్తోంది. దార్లోనే ఉన్నా, వచ్చేస్తున్నా. ఆంటీని కాస్త కాఫీ పెట్టమనండి."

గొంతు ఎంతో మర్యాదగా ఉంది. నాకు భయం వేసింది.

రేణు రెండు తలుపులకూ గడియ పెట్టి 911కి ఫోన్ చేసింది. పోలీసులు పది నిమిషాల్లో వస్తారన్నారట. నేను పెన్ను తీసుకుని రాశాను. 'ఇది కొట్టు సరుకు. నాబ్ మీద 34 ఉంది. రెండేళ్ల కిందట నేను రాసింది అబద్ధం. తెలిసే రాశాను. ఆ రోజు దీని మీద ఒక్క నొక్కు కూడా లేదు. ఈ రోజు నాలుగున్నాయి. అవి బంతివి కావు, తలుపువి.'

తేదీ వేసి సంతకం పెడుతుండగా బయట కారు ఆగింది. మా గుమ్మానికి కాలింగ్ బెల్ ఉంది, వీధంతా వినిపించేలా మోగుతుంది. నిశాంత్ దాన్ని నొక్కలేదు. వేలి కణుపులతో తలుపు మీద మెల్లగా మూడుసార్లు తట్టాడు.

నమ్రత నా చేతిలోంచి కాగితం తీసుకుని మడిచి, గుప్పిట్లో దాచుకుంది.

"ముందు ఇలాగే తడతాడు," అంది.