నాలుగుంపావుకి నిద్ర

పెంటపాడు రైతు వీరవెంకటరమణకి డెబ్భై ఏళ్లు. అందులో నలభై నాలుగేళ్లు ప్రసాదరావు మీద ఏడవడానికే సరిపోయాయి. ప్రసాదరావు ఆయన భార్య సూర్యకుమారికి మేనబావ. చిన్నప్పుడు పెద్దవాళ్లు వాళ్లిద్దరికీ పెళ్లి అనుకున్నారు, కుదరలేదు. కుదరని సంబంధానికి ఇంత కడుపుమంట ఎందుకయ్యా అంటే రమణ దగ్గర జవాబు లేదు, మంట మాత్రం ఉంది.

మొన్న బీపీ చూపించుకోవడానికి మొగుడూ పెళ్లాం తాడేపల్లిగూడెం వెళ్లారు. డాక్టరు వాసవి అరవై అయిదు దాటినవాళ్లందరికీ నాడి పట్టుకుని నిమిషంపాటు లెక్కపెడుతుంది. సూర్యకుమారి నాడి రెండుసార్లు తడబడింది.

"నొప్పీ లేదు, ఆయాసమూ లేదు. నాకెందుకండీ గుండె పరీక్షలు?" అంది సూర్యకుమారి.

"అందరికీ అక్కర్లేదండీ. మీ నాడి తడబడింది కాబట్టి చూద్దామంటున్నాను."

ఛాతీకి తీగలు అంటించి, నడుముకి చిన్న మిషను కట్టారు. ఒక రోజంతా గుండె ఎలా కొట్టుకుందో అది నమోదు చేస్తుంది. ఏ వేళకి ఏం చేశారో పక్కన కాగితం మీద రాయాలి. సూర్యకుమారికి చత్వారం, అందుకని రాత పని రమణ మీద పడింది. కాఫీ, పూజ, గిన్నెలు అంటూ ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు.

సాయంత్రం ఆయన పెరట్లో గేదెలకి గడ్డి వేస్తుంటే వీధిలో బండి ఆగింది. కొల్లేటి కొర్రమీనుల సంచితో ప్రసాదరావు దిగాడు. రమణ గోడ చాటున నిలబడ్డాడు. లోపల సూర్యకుమారి నవ్వుతోంది. తన దగ్గర ఎన్నడైనా అలా నవ్విందా? ఒళ్లు మండిపోయింది. చేతి గడియారం చూస్తే నాలుగుంపావు. ఆ తర్వాత లోపలికి వెళ్లి ఎంత బాగా పలకరించాడంటే, ప్రసాదరావు కాఫీ అయినా తాగకుండా వెళ్లిపోయాడు.

తర్వాత కాగితం ముందు కూర్చున్నాడు. 'ప్రసాదరావు వచ్చాడు' అని రాస్తే, దానికెదురుగా మిషను ఏ అంకె చూపిస్తుందో! డాక్టరు చదువుతుంది, నర్సులు చదువుతారు. పరువేం కావాలి? 'నిద్ర' అని రాసేశాడు.

మూడో రోజు డాక్టరు మొహంలో నవ్వు లేదు.

"తడబాటు పెద్దది కాదండీ. కానీ నాలుగుంపావుకి గుండె నూట ముప్పై దాటింది. పడుకున్న మనిషికి అలా కొట్టుకోకూడదు. ఏలూరు పెద్దాసుపత్రికి చీటీ రాసిస్తాను. తొడ దగ్గర్నుంచి గుండెలోకి తీగ పంపి చూస్తారు."

సూర్యకుమారి మొగుడి వైపు చూసింది. తను ఆ వేళ పడుకోలేదని ఆవిడకి తెలుసు.

"అలాగేనండీ, వెళ్తాను" అంది.

నూట ముప్పై! రమణ అనుమానం రూఢి అయిపోయింది. అయినా భార్య గుండెలోకి తీగ అనేసరికి నిజం కక్కేశాడు.

"అది పడుకోలేదండీ. వాళ్ల బావ వచ్చాడు. నేనే అబద్ధం రాశాను. ఆ నూట ముప్పై ఎవరి కోసమో నాకు తెలుసు!" అన్నాడు.

డాక్టరు సూర్యకుమారి వైపు తిరిగింది. "మీ బావ వచ్చినప్పుడు గుండె దడ అనిపించిందా అమ్మగారూ?"

"బావ వచ్చినందుకు కాదండీ. పెరట్లో ఈయన చెప్పుల చప్పుడు ఆగిపోయింది. గోడ అవతల నిలబడ్డారని తెలిసింది. నవ్వడం మానేస్తే ఇంకేం అనుకుంటారోనని నవ్వుతూనే ఉన్నాను."

డాక్టరు చీటీ పక్కన పెట్టేసింది. "అయితే ఏలూరు అక్కర్లేదండీ."

"సూర్యకుమారీ..." అంటూ రమణ ఏదో చెప్పబోయాడు.

ఆ పిలుపుకే ఆవిడ ఉలిక్కిపడి, తిట్లు పడబోతున్నట్టు కుర్చీలోంచి లేచి నిలబడింది.