మావయ్యగారి జీడిపప్పు

నెల మొదటి శనివారం, కాంట్రాక్టరు అన్నకి డబ్బులిచ్చిన మర్నాడు, మెర్సీ రెండు గుడ్డ సంచులు మడిచి చంకలో పెట్టుకుని గరివిడి బజారుకి బయల్దేరుతుంది. చీటీ వదిన దేవమణి రాస్తుంది. ఆ చీటీ చూస్తేనే మెర్సీకి ఒళ్ళు మంట. కందిపప్పు కిలో అని రాసి, కొట్టేసి, ముప్పావు అని రాసి, అదీ కొట్టేసి, చివరికి అరకిలో. ఆ కొట్టివేతలన్నీ దాటుకుంటూ కొట్లో పదిమంది ముందు చదవాల్సింది మాత్రం మెర్సీయే. బియ్యం చీటీలో ఉండవు. తినేది రేషను బియ్యం, వీధిలో ఎవరైనా అడిగితే సోనా మసూరి అని చెప్పాలి. వీధిలో అందరూ అదే చెబుతారు. అందరిళ్ళ గంజీ ఒకటే వాసన.

కిరాణాకొట్టు జగన్నాధం పైకప్పు రేకు హుద్‌హుద్ తుఫాను గాలికి ఎగిరిపోయి రెండేళ్ళయినా వేయించుకోలేదు. పిసినారి. ఆ కంతలోంచి పడే ఎండలో కూర్చుని, అయిదు కిలోలు కొనేవాళ్ళకి పొట్లం చేతికిస్తాడు, అరకిలో కొనేవాళ్ళకి బల్ల మీదికి విసురుతాడు.

"ఏటమ్మా, మీ పప్పు నెలనెలా సన్నబడిపోతన్నాది?"

"మీ పొట్ట సన్నబడలేదు కదండీ, వ్యాపారం బాగానే ఉన్నట్టే."

అసలు తూకం త్రాసు దాటాక తెలుస్తుంది. ఆ ఊళ్ళో ఏ సరుకైనా, తినబోయే మనిషి మోసే మనిషిని ఎంత చులకనగా చూస్తే అంత బరువెక్కుతుంది. త్రాసులో వంద గ్రాములు వంద గ్రాములే. చేత్తో ఎత్తుకున్నాక దాని సంగతి బయటపడుతుంది. మే నెలలో చెమట పట్టినట్టు, అదీ అంతే. దాని గురించి ఎవరూ మాట్లాడుకోరు.

అన్న విక్టర్ తినే అటుకులు కొన్నంతే తూగుతాయి. రోజంతా ఫ్యాక్టరీ బట్టీ దగ్గర మాడి వచ్చినవాడికి ఎవరినైనా చులకన చేసే ఓపిక ఎక్కడిది? పిల్లల బిస్కెట్ ప్యాకెట్లు సంచి అడుగున పెట్టాలి, పైన పెడితే గాలికి పోతాయి. వదిన టీ పొడి మాత్రం వంద గ్రాముల ప్యాకెట్టు, అయిదు కిలోలు. మూడేళ్ళుగా అంతే, ఒక్క గ్రాము తేడా లేదు. ఇక వదిన ప్రతి పూటా అత్తెసరు పెట్టేముందు దేవుడికని తీసి డబ్బాలో వేసే పిడికెడు బియ్యం ఉంటాయి. ఆదివారం వాటిని మెర్సీయే చర్చికి మోస్తుంది. చర్చి మెట్లదాకా అవి దూదిలా ఉంటాయి. కోశాధికారిగారి వంటింటి వైపు తిరిగాక చెయ్యి లాగేస్తాయి.

ఈసారి చీటీలో ఒక్క కొట్టివేత కూడా లేకుండా మూడు కొత్త సరుకులు పడ్డాయి. జీడిపప్పు పావుకిలో. నెయ్యి అరకిలో. బాస్మతి కిలో. అన్నీ వదిన మేనమామ సత్యానందం గారికి. విశాఖపట్నంలో పెద్ద సంఘానికి పెద్ద, లిఫ్టున్న ఇల్లు. రేపు ఆరాధన అయ్యాక భోజనానికి వచ్చి, మెర్సీని తనతో తీసుకుపోతారు. "మా ఇంట్లో ఉండి డిగ్రీ చదువుకుంటుంది. మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, పక్కన ఓ ఆడపిల్ల ఉంటే ధైర్యం. మా కూతుర్లా చూసుకుంటాం," అని ఫోన్లో చెప్పారు.

ఇంటర్ పాసై మూడేళ్ళు ఈ సంచులు మోసిన మెర్సీకి ఆ మాట తేనెలా దిగింది. జగన్నాధం మొహం, వదిన చీటీ, ఊరి మీద పడే ఫ్యాక్టరీ దుమ్ము, అన్నీ ఆదివారంతో సరి. బట్టలు అప్పుడే సర్దేసింది. మామూలుగా పుట్టింటివాళ్ళ సరుకులు వదినే తెచ్చుకునేది, ఆడపడుచు చేతికి ఇచ్చేది కాదు. ఆ గొప్పకి మెర్సీ లోపల్లోపల నవ్వుకునేది. ఈ పూట వదిన ఎదురింట్లో పింగాణీ ప్లేట్లు అడిగి తెచ్చి, తోముతూ ఉండిపోయింది. పంపక తప్పలేదు.

మూడు సరుకులూ విడిగా రెండో సంచిలో వేసి ఎత్తబోయింది మెర్సీ. సంచి కదల్లేదు. రెండు చేతులూ వేసింది. భుజం కీలు కలుక్కుమంది. సంచి మాత్రం బల్ల ముందు అలాగే కూర్చుంది.

అటుగా వచ్చిన ఆటో గంగులు ఓ చెయ్యి వేశాడు. మొహం ఎర్రబడింది కానీ సంచి లేవలేదు.

"ఓలమ్మో! ఎవుల సరుకే ఇది? తినీ బాబు నన్ను సూసైనా ఎరగడు గదా, నాకూ ఇంత బరువేటి?"

జగన్నాధం చిటికెనవేలుతో సంచి ఎత్తి మళ్ళీ కింద పెట్టాడు. "నాకు దూదిలాగున్నాది," అన్నాడు, మెడ కాస్త నిక్కించి.

మెర్సీకి అర్థమైపోయింది. కూతుర్లా చూసుకునేవాడి జీడిపప్పు ఇలా ఉండదు. ఈ బరువు గిన్నెలు తోమించేవాడిది, మిగిలిన అన్నం పెట్టేవాడిది, జీతం అడిగితే చదివిస్తున్నాం కదా అనేవాడిది. అర్థమైనా ఆశ చావలేదు. వదిన ఎత్తి చూస్తే తేలికగానే ఉంటుందేమో, ఎంతైనా సొంత మేనకోడలు కదా. మిస్డ్ కాల్ ఇచ్చింది.

దేవమణి తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. సంచినీ మెర్సీ మొహాన్నీ చూసింది. నడుం వంచి, మోకాలు సంచి కిందికి తోసి, పళ్ళు బిగించి లేపింది. అడుగున్నర లేచి దబ్బున పడింది. ఆ లేపడంలో అలవాటు ఉంది.

"నీకు ముందే తెలుసా?" అంది మెర్సీ.

"ఎన్నేళ్ళనుంచో తెలుసు. ఆయన తినీవన్నీ నానే ఎందుకు మోసుకొచ్చుకుంతాననుకున్నావు? కాంట్రాక్టు లేబరుని చేసుకున్నానని ఆయనకి నానంటే ఈగ. నలుగురూ సూడకూడదని సందులెంట తెచ్చుకునీదాన్ని."

"తెలిసీ నన్నంపుతున్నావా ఆయనింటికి?"

"ఆ చులకన నాతోటే పోతాదనుకున్నానే. సదువుకున్న గుంటవి, నిన్నలాగ సూడడనుకున్నాను."

"నీ టీ పొడి అయిదు కిలోలు తూగుతాది వదినా. నువ్వేమో ఆయన గురించి సెప్తన్నావు."

దేవమణి నవ్వింది, మంచి నవ్వు కాదది. "పెరుగు లేందే నీకు ముద్ద దిగదని రోజూ బస్టాండు కాడినుంచి ప్యాకెట్టు తెస్తన్నాను. అదెంత బరువుంతాదో ఏనాడైనా అడిగినావా? నా సీటీ సూసి నువ్వు మూతి తిప్పినప్పుడల్లా ఇంకో కిలో."

గంగులు ఆటో అద్దం తుడవడంలో మునిగిపోయాడు.

దేవమణి కొట్టువైపు తిరిగింది. "ఈ మూడూ వాపసు తీసుకో."

"బోర్డు కనపడట్లేదా? అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు."

"అలాగైతే కొట్టు మూసి, నువ్వే మోసుకొచ్చి మా యింట్లో దించు. నీకు దూదిలాగున్నాది గదా!"

వెనక నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్ళు ఫక్కున నవ్వారు. జగన్నాధం గొణుక్కుంటూ గల్లాపెట్టె తీశాడు. ఆ నోట్లు దేవమణి కొంగున ముడేసుకోలేదు. మెర్సీ చేతిలో పెట్టింది.

"సీపురుపల్లి కాలేజీకి ఎల్లి ఫారం తెచ్చుకో. సోమారం బేగి ఎల్లు."

ఆదివారం సత్యానందం గారు పింగాణీ ప్లేటులో అన్నం వేలితో అటూ ఇటూ కదిపి చూశారు. "ఏమిటమ్మా ఈ బియ్యం?"

"రేషను బియ్యం మావయ్యా. మేం తినీవే."

విక్టర్ తల దించుకుని పప్పు కలుపుకుంటున్నాడు. బయట వీధిలోకి కూడా వినబడేంత గట్టిగా అంది దేవమణి ఆ మాట.

"సరే, పిల్ల బట్టలు సర్దుకుందా?"

"రాదు," అంది దేవమణి.

ఆయన కారు వీధి మలుపు తిరిగేదాకా కూడా ఎవరూ గుమ్మంలో నిలబడలేదు.

మర్నాడు సాయంత్రం మెర్సీ చీపురుపల్లి నుంచి వస్తూ, శనివారం గొడవలో మర్చిపోయిన వదిన టీ పొడి కొంది. రెండు కిలోలుంది. ఎడమచేత్తో మోసింది. కుడిచేతిలో ఫారం ఉంది, దానికి చెమట తగలకుండా చెయ్యి దూరంగా పెట్టుకుని నడిచింది. బస్టాండు మలుపులో దేవమణి ఎదురైంది, చేతిలో పెరుగు ప్యాకెట్టు.

"ఎంతున్నాది?" అంది మెర్సీ.

"తగ్గినాది." దేవమణి ప్యాకెట్టు ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంది. "మొత్తం తగ్గించీయకు. మోసీ సెయ్యికి అలవాటు తప్పిపోతాది."