చీటీ మోసిన చేతులు

పిల్లల కోర్టులో బల్ల మీద ఐదు పసుపు చీటీలు. గుమాస్తా ఒక్కొక్కటే ఎత్తి చదివాడు. ఏడో ఏట, బడి నుంచి మూడు రోజులు సస్పెన్షన్. ఎనిమిదో ఏట, వారం.

"చిన్నప్పట్నుంచీ ఇదే తీరు సార్. తల్లే ఒప్పుకుని సంతకం చేసింది," అన్నాడు జడ్జితో.

ఎదురుగా నిలబడ్డ పిల్లకి పద్నాలుగేళ్ళు. బడి గెంటేసిన రోజుల్లో ఎక్కడుండాలో దానికెవరూ చెప్పలేదు. తల్లి కుట్టుమిషన్ల షెడ్డులో ఉంటే అది షెడ్డు వెనక తిరిగింది. అక్కడ రాగితీగ దొంగలు చేరదీశారు. దొంగలు తప్పించుకున్నారు, పిల్ల దొరికింది. రెండేళ్ళు శిక్ష.

వెనక వరసలో బడి ఆయా కూర్చుని ఉంది. ఆ ఐదు చీటీలూ ఇంటికి మోసింది తనే. "గీకెయ్ వదినా, మూడ్రోజులేగా" అన్నదీ తనే.

మర్నాడు హెడ్మాస్టరు ఇంకో చీటీ ఇచ్చాడు. రెండో తరగతి పిల్లాడు పెన్సిలు విసిరాడట. వారం.

అన్నం వేళ ఆయా షెడ్డుకెళ్ళి, టిఫిన్ డబ్బాల మధ్య నిలబడి చీటీ పైకి చదివింది.

"ఇప్పుడు చదువుతున్నావా?" జైలుపిల్ల తల్లి లేచింది. "మాదానప్పుడు నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా?"

"అవును వదినా. చెట్టుని నరికే గొడ్డలికి ఆ చెట్టు కొమ్మే కామ. ఆ కామ నేనే."

"సంతకం పెట్టకపోతే పేరు కొట్టేస్తారే!" అంది పిల్లాడి తల్లి.

"పెట్టి నేనేం బావుకున్నాను?" అంది జైలుపిల్ల తల్లి.

"తప్పు చేస్తే మూల నిలబెట్టమను," అంది కాజాలు కుట్టే ముసలమ్మ. "వీధిలోకి తోస్తే అక్కడ కాచుక్కూర్చున్నది పోలీసోడేగా!"

మర్నాడు పొద్దున్నే ముప్పైమంది తల్లులు బడి వరండాలో కూర్చున్నారు. మధ్యలో పిల్లాడు.

"సంతకం పెట్టించు. లేదా నీ ఉద్యోగం ఊడుతుంది," అన్నాడు హెడ్మాస్టరు.

ఆయా చీటీ, దాని మీద తాళాలగుత్తి బల్ల మీద పెట్టింది. "ఇక మీరే మొయ్యండి సార్."

మోశాడు. ఒక్కొక్కరి ముందూ వంగి చాచాడు. ముప్పై జతల చేతులు వీపుల వెనక్కి పోయాయి.

పోలీసు వ్యాను వచ్చింది. ముందు ఆయానే ఎక్కించారు. జైలుపిల్ల తల్లి పరుగెత్తలేదు, ఏడవలేదు. పిల్లాడి చెయ్యి పట్టుకుని రెండో తరగతిలోకి నడిచి, వాడి బెంచీలో వాణ్ణి కూర్చోబెట్టి, పక్కనే కూర్చుంది.

"పలక తియ్యరా."

దూరంగా పనికి రమ్మని షెడ్డు కూత కూసింది. వరండాలో ఒక్కరూ లేవలేదు.