నీడ లేని చెరువు

తెరల తాత జిగురులో నీలం పొడి కలిపి, వేలితో చిక్కదనం చూసి, ఆ వేలు చొక్కాకే తుడుచుకున్నాడు. ఫొటో స్టూడియో వెనక గోడకు వేలాడే తెరలన్నీ ఆయన గీసినవే. ఎప్పుడూ ఒకటే బొమ్మ: ఎడమన చెట్టు, కుడిన చెరువు. ఇంట్లో పోట్లాడుకుని వచ్చిన జంటలు కూడా ఆ చెట్టు కింద నిలబడి నవ్వాల్సిందే. చెట్టంటే నిలిచే కాపురం, నీళ్ళంటే చల్లని బతుకు అని ఫొటోగ్రాఫర్ అందరికీ చెబుతాడు. తాత లెక్క వేరు. చెట్టంటే మిగిలిపోయినవాడు, నీళ్ళంటే పట్టుకుపోయేవి.

ఎన్ని తెరలు గీసినా నీళ్ళలో చెట్టు నీడ మాత్రం ఆయన వేయలేదు. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. ఈ విషయంలో తాత ఆ రాజుకే తాత.

"ఈసారైనా నీడ వెయ్యి తాతా! అదేమైనా దయ్యమా, నీడ పడకపోవడానికి? జనం నవ్వుతున్నారు," అన్నాడు ఫొటోగ్రాఫర్ భోజనానికి బయల్దేరుతూ.

"చూద్దాంలే. నువ్వెళ్ళి తినిరా బాబూ."

ఆయన కూతుర్ని చిన్నతనంలోనే చెరువు మింగింది. పిల్ల శవమై దొరికింది గానీ జడకు కట్టిన ఎర్ర రిబ్బను దొరకలేదు. అప్పుడు పని నేర్పిన గురువు ఓదార్పుగా అన్నాడు: "నీళ్ళు తీసుకున్నవాళ్ళు నీళ్ళలోనే కనబడతార్రా. నీడ గీసి చూడు." తాత గీయలేదు. భయం. పిల్ల కనబడుతుందని కాదు, గీశాక కూడా కనబడకపోతే ఆ ఒక్క ఆశా పోతుందని.

ఇవాళ పొద్దున ఆకులు దిద్దుతుంటే గుండె పట్టేసి గోడకు ఆనుకున్నాడు. ఇంకో తెర గీసే ఓపిక తనకిక లేదని అప్పుడే తెలిసిపోయింది. ఫొటోగ్రాఫర్ అడుగుల చప్పుడు మెట్లు దిగగానే కుంచె ముంచి, నీళ్ళలో చెట్టును తలకిందులుగా గీయడం మొదలుపెట్టాడు. మాను, కొమ్మలు, ఆకులు. చివరి కొమ్మ దగ్గరికొచ్చేసరికి గదిలో నాచు వాసన వేసింది. ఫ్యాను ఆగే ఉంది, తెర కదిలింది.

"వచ్చావా తల్లీ," అన్నాడు తాత.

ఫొటోగ్రాఫర్ తిరిగొచ్చేసరికి తాత గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కునుకు తీస్తున్నాడనుకుని భుజం తట్టాడు. ఒళ్ళు ఎప్పుడో చల్లబడిపోయింది. తెర మీద చెట్టు నీడ నిండుగా ఉంది. ఆ నీడలో ఒక కొమ్మకు ఎర్ర రిబ్బను వేలాడుతోంది. ఒడ్డున ఉన్న చెట్టుకు లేదు. తాత కలుపుకున్న రంగుల్లో ఎరుపే లేదు.

ఆయన కుంచె పక్కనే నీళ్ళ డబ్బాలో ఉంది. ఇప్పుడే ఎవరో వదిలినట్టు, దాని చుట్టూ నీళ్ళు ఇంకా ఊగుతున్నాయి.