దిగువ వీధి వంతు

తాళం పిడికి చెవి ఆనించి నీళ్ళాయన ఊపిరి బిగబట్టాడు. తాళమంటే ఇంటికి వేసేది కాదు. రోడ్డు కింద గుంటలో ఉండే నీళ్ళ వాల్వును తిప్పే ఇనుప ఊచ, అతని భుజమంత ఎత్తుంటుంది, పైన అడ్డంగా పిడి. నీళ్ళు సరిగ్గా పోతుంటే ఆ పిడిలో చేటలో బియ్యం జారుతున్నట్టు సన్నగా, ఒకే తీరున చప్పుడు వినిపిస్తుంది. ఇవాళా అలాగే వినిపించింది. అయినా అతను నమ్మలేదు. ఇంకో చుట్టు తిప్పి మళ్ళీ విన్నాడు.

అప్పుడే తెల్లవారుతోంది. ఇవాళ పైవీధి వంతు. మేడల మీద ట్యాంకుల్లోకి మోటార్లు గొంతు సవరించుకుంటున్నాయి. ఒక బాల్కనీలో పళ్ళు తోముకుంటున్న ఆసామి నురగ ఉమ్మేసి కిందికి వంగాడు.

"ఇవాళైనా చివరిదాకా వస్తాయా, మధ్యలో ఎవరికైనా అమ్ముకుంటావా?"

"పైనుంచి వచ్చినన్ని వస్తాయి సార్," అన్నాడు నీళ్ళాయన తల ఎత్తకుండా.

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని అతనికి ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలోనే తెలిసింది. పైవీధి వాళ్ళు అతను దిగువ వీధి మనిషి అనుకుంటారు. దిగువ వీధి వాళ్ళు పైవీధి మనిషి అనుకునేవారు. అతను అందరినీ అనుమానిస్తాడు. లెక్క సరిపోయింది.

పక్కనున్న నగరం పెరిగి పెరిగి వచ్చి తాకేసరికి ఈ ఊరి పంచాయతీ కాస్తా మునిసిపాలిటీ అయింది. కొత్త ఆఫీసు కట్టారు, కమిషనరు వచ్చాడు, వార్డులు, వార్డుకో మెంబరు పుట్టుకొచ్చారు. భూమిలోని పైపులు మాత్రం పంచాయతీ నాటివే. పైవీధి ఒక వార్డులోకి, దిగువ వీధి ఇంకో వార్డులోకి పోయాయి. ఇద్దరు మెంబర్లకీ పడదు కాబట్టి ఒక వీధి బిందెలోకి ఇంకో వీధి తొంగిచూడడం మొదలైంది. తగువు తీర్చడానికి కౌన్సిలు కూర్చుని, రోజు విడిచి రోజు ఒక్కో వీధికి నీళ్ళని, ఎవరి వంతైనా తెల్లవారుజామునే వదలాలని తీర్మానించింది. తీర్మానానికి అందరూ చేతులెత్తారు. చేతులెత్తిన వాళ్ళలో బిందె ఎత్తేవాళ్ళు ఎవరూ లేరు.

ఆ తీర్మానం బాగానే నడిచింది. కానీ ఈమధ్య పైవీధి వంతు రోజున, పొద్దెక్కే వేళకి నీళ్ళు ఉన్నట్టుండి సన్నబడిపోతున్నాయి. కాసేపటికి మళ్ళీ పుంజుకుంటున్నాయి. ఎవరో ఎక్కడో వాల్వు తిప్పుతున్నారు. ఎవరన్నదే అతనికి అంతుపట్టడం లేదు, నిద్ర పట్టడం లేదు.

తాళం భుజాన వేసుకుని మలుపులో టీకొట్టుకి వెళ్ళాడు. దూరం నుంచే మాటలు వినిపించాయి. అతను బెంచీ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాయి. దిగువ వీధి ప్లంబరు గబగబా టీ ఊదుకోసాగాడు.

"ఏంటి, నన్ను చూసి ఆపేశారు?"

"మాటలేం ఉన్నాయన్నా," అని టీకొట్టాయన నీళ్ళు నమిలాడు. "వానలు లేవనుకుంటున్నాం."

వానల గురించి గుసగుసలాడేవాళ్ళని అతను ఎక్కడా చూడలేదు. పైగా టీకి డబ్బులివ్వబోతే టీకొట్టాయన పుచ్చుకోలేదు. "ఉంచన్నా" అన్నాడు, అదోరకంగా నవ్వుతూ. ఊరకే పోసిన టీ గొంతు దిగదు. నీళ్ళాయన చిల్లర బల్ల మీదే పెట్టి లేచాడు.

దానికి తోడు మైకు పిన్ని ఎదురైంది. ఆమె గొంతు దిగువ వీధి ఈ కొస నుంచి ఆ కొసకి వినిపిస్తుంది కాబట్టి ఆ పేరు. పైవీధి ఇళ్ళలో పాచిపనికి పోతోంది. మొదట్లో కనపడితే చాలు దులిపేసేది: "తెల్లారకముందే నీళ్ళు వదిలితే పట్టుకునేదెవరయ్యా? ఆ వేళకి మా ఆడోళ్ళంతా పైవీధి గిన్నెలు తోముతుంటాం. మేం ఇంటికొచ్చేసరికి కొళాయిలో గాలి వస్తుంది." అలాంటి మనిషి కొన్నాళ్ళుగా పల్లెత్తు మాట అనడం లేదు. ఇవాళ కూడా "తిన్నావా నాయనా?" అని ఆప్యాయంగా పలకరించి పోయింది. తిట్టే మనిషి తిట్టడం మానేస్తే అంతకంటే అనుమానించవలసింది ఇంకేముంటుంది?

ఇంజినీరు బైకు వచ్చి పక్కన ఆగింది. మునిసిపాలిటీలో నీళ్ళ పనంతా ఈయన చేతిలోనే ఉంటుంది.

"సాయంత్రం కౌన్సిలు మీటింగు," అన్నాడు బైకు దిగకుండానే. "పైవీధి మెంబరమ్మ నీ సంగతి లేవదీస్తుంది. వాళ్ళ తమ్ముడు నీ పనికి కాచుకుని కూర్చున్నాడు. మీటింగు లోపల దొంగని పట్టి నాకు చూపించు. లేదంటే నీ కాంట్రాక్టు ఇవాళతో సరి."

"పట్టుకుంటాను సార్. ఇవాళ మాటు వేస్తాను."

"వెయ్యి, వెయ్యి." ఇంజినీరు హెల్మెట్ సర్దుకున్నాడు. "ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నిన్ను అనడం లేదులే."

అననిదాన్ని అంత స్పష్టంగా చెప్పనక్కర్లేదు.

ఇంటికి వచ్చేసరికి గుమ్మం పక్కన మావగారి చెప్పులు. వాటి నిండా నిన్నటి ఎర్రమట్టి, ఎండి పెచ్చులు కట్టింది. ఆయన కన్నా ముందు ఈ ఊరికి నీళ్ళు వదిలిన మనిషి లేడు. అల్లుడికి పని నేర్పి, తన చోట నిలబెట్టి దిగిపోయాడు. ఇప్పుడు మాట తడబడుతుంది, మనుషుల్ని మరిచిపోతుంటాడు. పొద్దుట కాసేపు ఎండలో తిరిగి వస్తాడు, అంతే. ఆయనకి ఎర్రమట్టితో పనేముంది? ఆ చెప్పులు ఇంకెవరో వేసుకుని ఉండాలి. ప్లంబరు కాని, మెంబరమ్మ తమ్ముడు కాని ఇంటికి వచ్చి భార్యతో ఏమైనా మాట్లాడి పోయాడా?

"ఎవరొచ్చారు ఇంటికి?" అన్నాడు లోపలికి అడుగుపెడుతూనే.

"ఎవరొస్తారు, నువ్వొచ్చావు," అంది భార్య కంచం పెడుతూ. "కాళ్ళు కడుక్కో. పోలీసోడిలా ఆ చూపేంటి?"

పెరట్లో ఉతికిన బట్టలు ఆరుతున్నాయి. పంచాయతీ పోయినప్పుడు పెద్దాయన తాళాన్ని ఎవరూ వెనక్కి అడగలేదు. కొత్త ఆఫీసు అల్లుడికి కొత్తది ఇచ్చింది. పాతది అప్పటి నుంచీ బట్టల తాడుకి ఊతంగా నిలబడి ఉంది. దాని నీడలో పెద్దాయన గోడకి ఆనుకుని కూర్చున్నాడు, మెడలో తడి తువ్వాలు. అల్లుడి అలికిడికి తల తిప్పి, రోజూ అడిగేదే అడిగాడు.

"అల్లుడూ, దిగువ వీధికి ఇచ్చావా?"

"ఇచ్చాను మావయ్యా," అన్నాడు నీళ్ళాయన, రోజూ చెప్పినట్టే, ముద్ద నోట్లో పెట్టుకుంటూ. మొదట్లో ఇవాళ వాళ్ళ వంతు కాదని విడమరచి చెప్పేవాడు. మతిలేని మనిషికి తీర్మానాలు ఎందుకని మానేశాడు.

పెద్దాయన అతని ముఖంలోకి కాసేపు చూశాడు.

తిన్న చెయ్యి కడుక్కుని నీళ్ళాయన స్కూలు గోడ వెనక మాటు వేశాడు. పైవీధి పైపూ, దిగువ వీధి పైపూ విడిపోయే గుంట అక్కడే ఉంది. మునిసిపాలిటీ మ్యాపులో ఉన్నంతవరకు నీళ్ళు మళ్ళించగల చోటు అదొక్కటే. తన తాళం వాల్వు మీదే నిలిపి ఉంచి, కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చున్నాడు. వచ్చేవాళ్ళందరూ దొంగల్లాగే కనిపించారు. కూరగాయల బండివాడు గుంట వైపు చూశాడు, ఎందుకు చూశాడు? స్కూలు ఆయా చూడకుండా పోయింది, ఎందుకు చూడలేదు? మెంబరమ్మ తమ్ముడు స్కూటరు మీద రెండోసారి పోతూ చెయ్యి ఊపాడు. పనికి కాచుకున్నవాడికి పని చెడగొట్టడం ఎంతసేపు? అనుమానం పెనుభూతమని అతనికీ తెలుసు. కానీ కూడు పెట్టే ఉద్యోగం పోయేటప్పుడు భూతాలకి భయపడి లాభం లేదు.

పొద్దెక్కింది. దిగువ వీధి ఆడవాళ్ళు పనులు ముగించుకుని ఇళ్ళకి పోతున్నారు. ఎవరూ గుంట దగ్గరికి రాలేదు. అయినా పిడికి చెవి పెడితే చప్పుడు సన్నగిల్లుతోంది. అతను చూస్తుండగానే, ఎవరి చెయ్యీ పడకుండానే, పైవీధి నీళ్ళు జారిపోతున్నాయి.

అంటే ఇక్కడ కాదు. ఇంకా ఎగువన.

తాళం పీకి చేత పట్టుకుని పైపు వెంట పరుగులాంటి నడక నడిచాడు. దారిలో ప్లంబరు కనిపిస్తే చొక్కా పట్టుకున్నాడు.

"ఎక్కడ తిప్పావ్? చెప్పు."

"నేనెందుకు తిప్పుతానన్నా?" ప్లంబరు అయోమయంగా చూశాడు. "నీకు తెలీనట్టు అడుగుతావేంటి?" అని, పాత పంచాయతీ ఆఫీసు వైపు చూసి తల దించుకున్నాడు.

పాత ఆఫీసులో ఇప్పుడు విరిగిన చెత్త బళ్ళు పెట్టి మూసేశారు. వెనక పిచ్చిమొక్కలు, ఎర్రమట్టి. ఆ మట్టి చూడగానే నీళ్ళాయన అడుగులు వాటంతటవే మందగించాయి. మొక్కల మధ్య ఒక ఇనుప మూత పక్కకి తీసి ఉంది. తన ఉద్యోగకాలంలో ఆ గుంటను అతను చూసి ఎరగడు. గుంటలో నిలబడి ఉంది ఇంట్లో బట్టల తాడుకి ఊతంగా ఉండవలసిన తాళం. తువ్వాలు చుట్టిన దాని పిడి మీద చెయ్యి వేసి, చేతి మీద చెవి ఆనించి, గట్టు మీద పెద్దాయన కూర్చుని ఉన్నాడు.

"మావయ్యా," అన్నాడు.

పెద్దాయన వింటూనే ఉన్నట్టున్నాడు. భుజం తాకితే ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది, కానీ మెడ పక్కకి వాలిపోయింది. నీళ్ళాయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. తర్వాత మట్టిలో చతికిలబడి ఆయన తలను ఒళ్ళోకి తీసుకున్నాడు.

వెనక నుంచి బిందె కింద పెట్టిన చప్పుడైంది. మైకు పిన్ని. అంత దూరం నుంచే అర్థమైనట్టుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె అంత నెమ్మదిగా మాట్లాడడం అతను వినడం అదే మొదటిసారి.

"మంచినీళ్ళు ఇచ్చిపోదామని వచ్చాను నాయనా. రోజూ ఇస్తాను. పంచాయతీ రోజుల్లో మేం పనుల నుంచి వచ్చే వేళకే ఈ వాల్వు తిప్పి మా వీధికి వదిలేవాడు. మళ్ళీ ఆ వేళకే..." కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "పెద్దాయన్ని నువ్వే పంపిస్తున్నావని మాకందరికీ తెలుసు. నీ పేరు బయటికొస్తే ఉద్యోగం పోతుందని వీధిలో పిల్లాడు కూడా నోరెత్తలేదు. నేనే ఎత్తలేదు, చూడు."

నీళ్ళాయనకి ఏడుపు వచ్చింది. మావ కోసం కొంత, సిగ్గుతో కొంత. టీకొట్టాయన పుచ్చుకోని చిల్లర, ఆగిపోయిన మాటలు, "తిన్నావా నాయనా", అన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి. తను ఒక్కొక్కరినీ దొంగను చేసి చూస్తుంటే, వాళ్ళు తనను మంచివాడిని చేసి దాచుకున్నారు. ఆ మంచితనం తనది కాదు. తను రోజూ ముద్ద మింగుతూ ఇచ్చానని అబద్ధం చెబితే, ఆ అబద్ధాన్ని ఈ ముసలాయన చెప్పులు మట్టి చేసుకుని నిజం చేస్తూ వచ్చాడు.

జేబులో ఫోను మోగింది. ఇంజినీరు.

"నీళ్ళు మళ్ళీ పడిపోయాయట. మెంబరమ్మ నా ప్రాణం తీస్తోంది. దొరికాడా వాడు?"

ముసలాయన పేరు చెబితే చాలు, తన ఉద్యోగం నిలబడుతుంది. చచ్చినవాడిని ఎవరూ ఏమీ చెయ్యలేరు. రేపటికల్లా ఈ మూత మీద సిమెంటు పోస్తారు, అంతే. నీళ్ళాయన మైకు పిన్ని వైపు చూశాడు. ఆమె ఇంకా అతన్ని ఆ మంచివాడిలాగే చూస్తోంది.

"దొరికాడు సార్."

"ఎవడు?"

"నేనే సార్. స్కూలు గోడ దగ్గర వాల్వు నేనే తిప్పుతున్నాను."

"నాకు తెలుసు," అన్నాడు ఇంజినీరు. "మొదటి నుంచీ నా అనుమానం నీ మీదే."

ఫోను జేబులో పెట్టుకుని నీళ్ళాయన కదలకుండా కూర్చున్నాడు. కింద వీధిలో బిందెలు నిండుతున్న చప్పుడు వినిపిస్తోంది. అది పూర్తిగా ఆగేదాకా ఆగి, అప్పుడు పెద్దాయన తాళంతోనే వాల్వు కట్టేశాడు.

"ఇచ్చాను మావయ్యా," అన్నాడు.

ప్లంబరూ టీకొట్టాయనా వచ్చి పెద్దాయనను మోసుకుపోయారు. ఇల్లు మనుషులతో నిండింది. సాయంత్రం మీటింగులో అతని సంగతి టీలు పంచేలోపే తేలిపోయిందని ఎవరో చెప్పారు. చీకటి పడకముందే మెంబరమ్మ తమ్ముడు వచ్చి, చావింట్లోకి రావడానికి మొహం చెల్లక గేటు దగ్గరే నిలబడ్డాడు.

"తప్పుగా అనుకోకన్నా. పొద్దున్నే నీళ్ళు వదలాలంట. వాల్వులు ఎక్కడెక్కడున్నాయో నాకేం తెలీదు."

నీళ్ళాయన అతని ముఖంలో దొంగతనం కోసం అలవాటు కొద్దీ వెతికాడు. రేపటి తెల్లవారుజాము తలుచుకుని బెదిరిపోతున్న మనిషి తప్ప ఏమీ కనిపించలేదు. ఆఫీసు ఇచ్చిన తాళం అతని చేతికిచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని, వాల్వులన్నీ ఒక్కొక్కటిగా ఓపిగ్గా చెప్పాడు. ఒక్కటి చెప్పలేదు.

"అన్నీ అయినట్టేనా అన్నా?"

"మ్యాపులో ఉన్నవన్నీ అయిపోయాయి."

పెరట్లో ఊతం లేని బట్టల తాడు నేలకి వేలాడుతుంటే, భార్య కళ్ళు తుడుచుకుంటూ దాన్ని పైకెత్తి కిటికీ ఊచకి ముడివేసింది. తాళం ఏమైందని అడగలేదు. పాత ఆఫీసు వెనక, పిచ్చిమొక్కల మధ్య అది వాల్వు మీదే నిలబడి ఉంది, పిడికి చుట్టిన పెద్దాయన తువ్వాలు ఇంకా ఆరలేదు.