తులసమ్మ తీసిన వీపు

నేను రాగిసంగటి గెలుకుతుంటే తులసమ్మ వాకిట్లోంచే అరిచింది. "అక్కా, నేను తీసిన ఫొటోను మదనపల్లెలో గోడకు పెడతాండారంట!"

తులసమ్మ నా తోడికోడలు. ఆడవాళ్ల ఆరోగ్యం మీద పరిశోధన చేసే సంగీత అనే పిల్ల పుంగనూరు దగ్గరి మా పల్లెకొచ్చి, తలా ఒక చిన్న కెమెరా ఇచ్చింది. "మిమ్మల్ని బాధపెట్టేవి మీరే ఫొటోలు తీయండవ్వా" అంది. నేను పొయ్యి పొగ తీశాను, నీళ్ల బిందెలు తీశాను. అన్నిట్లోనూ నా బొటనవేలే పడింది. తులసమ్మకు ఎప్పుడూ ఇంతే, అన్నీ కలిసొస్తాయి. కాపురానికొచ్చిన కొత్తలో దాని సంగటి మెత్తగా ఉందని మా అత్త ఊరంతా చెప్పుకునేది. ఆ పిండి విసిరింది నేనని ఒక్కనాడూ అనలేదు.

కడుపు మండుతూనే మా ఆయన దాసప్పతో, తులసమ్మతో బస్సెక్కాను. ఫొటోలు పెట్టిన హాల్లో జనమంతా ఒక ఫొటో ముందే ఉన్నారు. రవిక విప్పి బోర్లా పడుకున్న ముసలి వీపు. టమాటా బుట్టలు మోసి మోసి ఒక పక్కకు వంగిపోయిన వెన్ను. నా వీపును నేనెప్పుడు చూశాను గనక! పక్కన మడిచిపెట్టిన నా చీరను బట్టి తెలిసింది. ఆరోజు నూనె రాస్తూ "కదలొద్దక్కా" అంది తులసమ్మ. ఇందుకన్నమాట! కింద పేరు కూడబలుక్కుని చదివాను. వీపు నాది, పేరు దానిది.

సంగీతను పక్కకు పిలిచాను. "నన్నడక్కుండా యాల పెట్టినావమ్మా?"

ఆ పిల్ల మొహం పాలిపోయింది. "మొహం కనబడలేదు గదవ్వా. మీ ఇంట్లో తీసిందని దాసప్ప తాతకు ఫోన్ చేసినాం. సరేనన్నారు."

"ఫొటో సూపించినావా?"

"లేదవ్వా. తప్పే. మీరు వద్దంటే ఇప్పుడే తీసేస్తా."

తీసేయమనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. సిగ్గుతో కాదు, తులసమ్మ చుట్టూ మూగిన జనాన్ని చూసి.

అంతలో దాసప్ప ఫొటో ముందు నిలబడి నాలుక చప్పరించాడు. "అయ్యో పాపం, యా ఇంటి ఆడమనిషో! ఇంత సాకిరీ సేయించుకున్నోడు మనిషేనా?"

తులసమ్మ తలొంచుకుంది. ఇన్నేళ్లలో నా వీపును చూసింది అదొక్కతే.

"ఉండనీలేమ్మా" అన్నాను సంగీతతో. "దాని పేరు పక్కన, దాసప్ప ఇంటి ఆడమనిషి పూలమ్మ అని రాయి. పెద్ద అచ్చరాలతో రాయి. ఆయనకు సదువొస్తాది."